మన గడపకు ఆలస్యంగా వచ్చిన హెచ్చరిక

మా గిరిజన బాలికల హాస్టల్లో ఒకరోజు ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగింది: "మేడం, మా అవ్వ వక్కాకులో పొగాకు వేసుకుంటుంది. అది మన యానాదుల ఆచారం కదా, మానమని ఎట్లా చెప్పేది?"

పొగాకు మన అడవి మొక్క కాదు. అమెరికా ఖండాల్లో పుట్టి, సుమారు నాలుగు వందల ఏళ్ల కిందట పోర్చుగీసు వర్తకులతో ఈ దేశానికి వచ్చింది. తేనె, దుంపలు, మూలికలు మన పెద్దల విద్య. పొగాకు అట్లాంటిది కాదు. మా అవ్వ కూడా నమిలేది. కూలికి పోయిన చోట ఒక్కోసారి పొగాకు కాడ చేతిలో పెట్టేవారట. "నోట్లో వేసుకుంటే ఆకలి తెలియదు" అనేది. అది ఆచారం కాదు పిల్లలూ, ఆకలి.

ప్రభుత్వం హెచ్చరించలేదా? హెచ్చరించింది. 1975 చట్టంతో సిగరెట్ పెట్టెల మీద హెచ్చరిక అచ్చయింది. కానీ ఆ చట్టం సిగరెట్లకే. మన కాలనీల్లో తాగింది బీడీ, నమిలింది విడి పొగాకు. కాడకు పెట్టే లేదు, హెచ్చరిక ఎక్కడ రాస్తారు? రాసినా చదివేవాళ్లు ఎందరు?

2003లో కేంద్రం తెచ్చిన చట్టం అన్ని పొగాకు ఉత్పత్తులకూ వర్తించింది. 18 ఏళ్ల లోపు వాళ్లకు అమ్మకూడదు, బడికి వంద గజాల లోపల అమ్మకూడదు అంది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా. 2009లో ప్యాకెట్ల మీద బొమ్మ వచ్చింది. చదువు రానివాళ్లకు అర్థమయ్యే హెచ్చరిక రావడానికి 34 ఏళ్లు పట్టింది. 2013లో మన రాష్ట్రంలో గుట్కా నిషేధించారు.

చట్టం భయపెడుతుంది. మానడానికి మాత్రం తోడు కావాలి. దీనికి మన రాష్ట్రంలోనే సాక్ష్యం ఉంది. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో కొందరు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగేవారు, దాన్ని అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిట్లో పుండ్లు, క్యాన్సర్ వచ్చేవి. 1970ల చివర శ్రీకాకుళంతో సహా మూడు జిల్లాల్లో సుమారు 36 వేల మంది పొగాకు వాడేవాళ్ల నోళ్లు డాక్టర్లు పరీక్షించారు. ఏటా మళ్లీ వెళ్లి, ముఖాముఖి మాట్లాడి, మానమని నచ్చజెప్పారు. అట్లా చెప్పించుకోనివాళ్లకంటే చెప్పించుకున్నవాళ్లలో ఎక్కువమంది మానారు, తగ్గించారు. 1986లో లాన్సెట్ పత్రిక ఆ ఫలితాలు ప్రచురించింది.

ఇప్పుడు ఆ తోడు ఫోన్లో ఉంది. 1800-11-2356 ఉచిత నంబరు, తెలుగులోనూ మాట్లాడతారు. 2018 నుంచి ప్యాకెట్ల మీదే అచ్చవుతోంది.

ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇదే, మీకూ చెప్తున్నా. మన ఇళ్లలో ఆ అక్షరాలు చదవగలిగిన మొదటి తరం మీరు. అవ్వను తిట్టొద్దు, పక్కన కూర్చుని ఆ నంబరుకు మీరే ఫోన్ కలపండి. మొదటి కొన్ని రోజులు తల నొస్తుంది, చిరాకు పడుతుంది, ఓర్చుకోండి. నోట్లో మానని పుండు, తెల్ల మచ్చ కనిపిస్తే ఆలస్యం చేయకుండా తిరుపతి రుయా ఆసుపత్రికో, దగ్గరి ప్రభుత్వాసుపత్రికో తీసుకుపోండి. స్నేహితుడు ఖైనీ ప్యాకెట్ చాపితే మాత్రం ఆ రోజే వద్దనండి. మన పెద్దలకు వద్దనడానికి కారణం ఎవరూ చెప్పలేదు. మీకు తెలుసు.