కాఠ్-కుణి గృహనిర్మాణం

కాఠ్-కుణి హిమాచల్ ప్రదేశ్ రాష్ట్రంలోని కొండ ప్రాంతాలలో తరతరాలుగా వాడుకలో ఉన్న గృహనిర్మాణ పద్ధతి. ఇందులో దేవదారు దూలాలను, రాళ్ళను ఒకదానిపై ఒకటి వరుసలుగా పేర్చి గోడలు కడతారు. సున్నం గాని, సిమెంటు గాని వాడరు. కులు, సిమ్లా, కిన్నౌర్ జిల్లాలలో ఈ పద్ధతిలో కట్టిన ఇళ్ళు, దేవాలయాలు, కోటలు కలవు. స్థానికంగా దొరికే వస్తువులతో, చలికీ భూకంపాలకూ తట్టుకొనేలా నిర్మించడం ఈ పద్ధతి ప్రత్యేకత.

పేరు వెనుక చరిత్ర

"కాఠ్" అంటే కొయ్య, "కుణి" అంటే మూల. ఇవి కాష్ఠము, కోణము అనే సంస్కృత పదాలకు సంబంధించినవి. గోడల మూలల వద్ద కొయ్య దూలాలు ఒకదానిపై ఒకటి అడ్డంగా కలుసుకోవడం వలన ఈ పేరు వచ్చింది.

నిర్మాణ విధానం

ముందుగా నేలను తవ్వి రాతి పునాది వేసి, దానిపై రాతి అరుగును లేపుతారు. మంచు, వాననీరు కొయ్యకు తగలకుండా ఈ అరుగు కాపాడుతుంది. దానిపై గోడ వెలుపలి అంచున ఒకటి, లోపలి అంచున ఒకటి చొప్పున రెండు దూలాలను సమాంతరంగా ఉంచుతారు. ఈ రెంటినీ అక్కడక్కడ చిన్న అడ్డుకర్రలతో బిగించి, మధ్య ఖాళీని రాళ్ళతో నింపుతారు. ఆపై ఒక వరుస రాళ్ళు, మరల ఒక వరుస దూలాలు వస్తాయి. బిగింపులకు ఇనుప మేకులకు బదులు కొయ్య మేకులు వాడతారు. గోడల మందం సాధారణంగా అడుగున్నర పైబడి ఉంటుంది.

గోడ పైకి వెళ్ళేకొద్దీ రాయి తగ్గి కొయ్య ఎక్కువవుతుంది. అందువలన బరువు నేలకు దగ్గరగా ఉంటుంది. పై అంతస్తులో గోడ దాటి ముందుకు పొడుచుకువచ్చిన కొయ్య వసారాలు ఉంటాయి. పైకప్పును పలకరాళ్ళతో కప్పుతారు.

క్రింది అంతస్తు పశువులకు, మధ్య భాగం ధాన్యం మొదలైన వాటి నిలువకు, పై అంతస్తు నివాసానికి కేటాయిస్తారు. చలికాలంలో పశువుల శరీరపు వేడి పై గదులకు కొంత వెచ్చదనాన్నిస్తుంది. మందపాటి గోడలు, చిన్న కిటికీలు ఆ వేడిని నిలుపుతాయి.

భూకంపాలను తట్టుకొనే గుణం

నేల కదిలినపుడు రాళ్ళు కొద్దిగా జరిగి, ఒకదానితో ఒకటి రాసుకొని, కుదుపు శక్తిని కొంత హరిస్తాయి. దూలాలు గోడ చుట్టూ పట్టీలవలె ఉండి, గోడ విచ్చిపోకుండా ఆపుతాయి. 1905 ఏప్రిల్ 4న సంభవించిన కాంగ్రా భూకంపంలో ఇరవై వేలకు పైగా ప్రజలు మరణించారు. కులు లోయలోని నగ్గర్ కోట ఆ భూకంపాన్ని తట్టుకొని నిలిచింది.

అయితే ఈ పద్ధతి అన్ని ప్రమాదాలకూ విరుగుడు కాదు. కొండచరియ జారితే దానిపైనున్న ఏ ఇల్లూ నిలవదు. అగ్నిప్రమాదం మరొక బలహీనత. కులు జిల్లా మలాణా గ్రామంలో 2008 జనవరిలోను, 2021 అక్టోబరులోను మంటలు చెలరేగి అనేక కొయ్య ఇళ్ళు కాలిపోయాయి.

ముఖ్య నిర్మాణాలు

• నగ్గర్ కోట: 15వ శతాబ్దంలో కులు రాజు సిద్ధసింగ్ కట్టించినట్లు చెబుతారు. 1978 నుండి రాష్ట్ర పర్యాటక సంస్థ ఆధ్వర్యంలో అతిథిగృహంగా ఉన్నది.
• చెహ్నీ కోఠి: బంజార్ సమీపంలోని ఎత్తైన బురుజు. 1905 భూకంపంలో పై భాగం దెబ్బతిన్నది.
• భీమాకాళి ఆలయం: సిమ్లా జిల్లా సరాహన్‌లో ఉన్నది. భీమాకాళి బుషహర్ రాజుల కులదేవత.

కలప, అడవి

దేవదారు కలపలోని సహజ తైలం వలన దానికి చెద, పుచ్చు త్వరగా పట్టవు. సున్నం వాడకపోవడం వలన పాత ఇంటిని విప్పి, చేవ ఉన్న దూలాలను కొత్త ఇంటికి మరల వాడుకోవచ్చు. అందుచేత ఒకసారి నరికిన చెట్టు అనేక తరాలకు ఉపయోగపడేది.

కాని దేవదారు నెమ్మదిగా పెరిగే చెట్టు. దూలానికి తగిన మాను కావడానికి అనేక దశాబ్దాలు పడుతుంది. అడవులలో చెట్ల నరికివేతపై 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు కట్టుబాట్లు విధించింది. గ్రామస్థులకు ఇంటి అవసరాలకై కలప పొందే హక్కు పూర్వం నుండి ఉన్నప్పటికీ, 2013 నాటి రాష్ట్ర నిబంధనలు దానికి పరిమితులు ఏర్పరచాయి. కలప కొరత, మేస్త్రీల కొరత, సిమెంటు సులభంగా దొరకడం వలన కొత్త ఇళ్ళలో కాంక్రీటు వాడకం పెరిగింది.

2023 ఆగస్టులో కులు జిల్లా ఆనీ పట్టణంలో బహుళ అంతస్తుల కాంక్రీటు భవనాలు కుప్పకూలాయి. ఆ సంవత్సరపు వర్షాల తరువాత కొండలపై ఏ విధంగా, ఎక్కడ కట్టాలి అనే చర్చ మరల మొదలైనది. పాత పద్ధతిని యథాతథంగా అందరికీ వర్తింపజేస్తే అడవి చాలదు. కాని తక్కువ ఎత్తు, గట్టి నేలను ఎంచుకోవడం, గోడలకు అడ్డ పట్టీలు, పాత కలప పునర్వినియోగం అనే దీని సూత్రాలను ఇతర వస్తువులతో కట్టే ఇళ్ళకు కూడా అన్వయించవచ్చు.

ఇవి కూడా చూడండి

• దేవదారు
• కాంగ్రా భూకంపం
• కులు లోయ