లెక్కలోకి రాని నీళ్ళు

ప్రమోషన్ దరఖాస్తు నింపుతూ ఒక గడి దగ్గర ఆగిపోయాను. నా రచనల్ని ఎన్నిసార్లు ఉటంకించారు, హెచ్-ఇండెక్స్ ఎంత అని అడిగారు అందులో. నా వ్యాసాలన్నీ తెలుగులోనే ఉన్నాయి. ఆ లెక్కలు వేసే అంతర్జాతీయ సూచికల్లో ఒక్కటీ లేదు. సున్నా వేశాను. ఆ వారంలోనే ఆత్మకూరులో బస్సెక్కి, ఉదయగిరి వైపున్న అమ్మమ్మ ఊరికి వెళ్ళాను.

అమ్మమ్మ మెడ తిప్పలేదు. పక్కకి చూడాలంటే మనిషంతా తిరగాలి. మా చిన్నప్పుడు అది ముసలితనమే అనుకునేవాళ్ళం. ఆ వీధిలో గార పళ్ళు లేని ఇల్లు ఉండేది కాదు. పెళ్ళిచూపుల్లో ఆడపిల్లలు నోరు మూసుకుని నవ్వేవాళ్ళు. వాళ్ళది సిగ్గని మెచ్చుకునేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు!

ఈ జబ్బుకి వైద్యశాస్త్రంలో ఒక చరిత్ర ఉంది. అది నెల్లూరు జిల్లాతోనే మొదలవుతుంది. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి 1937లో 'ఇండియన్ మెడికల్ గెజిట్'లో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి రాశారు. కనిగిరి, పొదిలి, కందుకూరు కూడా అప్పుడు నెల్లూరు జిల్లావే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్ళాయి. నీళ్ళలో కరిగిన ఫ్లోరైడ్ పళ్ళనే కాదు, ఎముకల్నీ కీళ్ళనీ పట్టేస్తుందని మన దేశంలో మనుషుల విషయంలో ముందుగా చూపించిన పరిశోధన అది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ఇవాళ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇప్పుడు ఈ పరిశోధకుల్ని నా దరఖాస్తులోని గడిలో పెట్టి చూద్దాం.

యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ప్రతిపాదించిన ఉటంకింపుల సూచిక 1964లో మొదలైంది. ఒక ఆలోచన ఏ వ్యాసం నుంచి ఏ వ్యాసానికి నడిచిందో వెతుక్కోవడానికి పుట్టిన సాధనం అది. రానురాను మనుషుల్ని తూచే త్రాసయింది. 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ హెచ్-ఇండెక్స్ చెప్పాడు. కనీసం అయిదేసి సార్లు ఉటంకించిన వ్యాసాలు అయిదుంటే సూచిక అయిదు. ఒకే వ్యాసం రాసిన మనిషిని వెయ్యిమంది ఉటంకించినా ఆ సూచిక ఒకటి దాటదు. అంటే 1937 నాటి ఆ వ్యాసం ఎంత దారి చూపినా, ఈ లెక్కలో దాని వాటా ఒక్కటే. పైగా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన సత్యాన్ని మొదట ఎవరు చెప్పారో తలుచుకోవడం మానేస్తాం. బాగా ఇంకిపోయిన పనికే ఉటంకింపులు తగ్గుతాయన్నమాట.

ఇంకో పేరు చూడండి. 1973లో 'లాన్సెట్'లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ నుంచి ఒక వ్యాసం వచ్చింది. ఫ్లోరోసిస్ ప్రాంతంలో మోకాళ్ళు లోపలికి వంగిపోవడం, ఎముకలు గుల్లబారడం గురించి. రాసినవాళ్ళు కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి. ఉటంకింపుల్లో రెండో పేరు 'కృష్ణస్వామి కె.' అవుతుంది. ఆ పొడి అక్షరం వెనక ఒక స్త్రీ ఉందని, తర్వాత ఆమె ఆ సంస్థకే డైరెక్టరయిందని ఎవరికి తెలుస్తుంది? ఆమెకి అన్యాయం జరిగిందని కాదు నేననేది. లెక్కకి ఆ వివరం అక్కర్లేదు, అంతే. పెళ్ళితో ఇంటిపేరు మారితే ఒకే మనిషి పని ఇద్దరి పేర్ల కింద చీలిపోతుందన్నది మనలో చాలామందికి అనుభవమే.

అలాగని లెక్కలే వద్దనగలమా? స్త్రీల శాస్త్రకృషి మగవాళ్ళ ఖాతాలోకి పోవడాన్ని మార్గరెట్ రోసిటర్ 1993లో 'మటిల్డా ఎఫెక్ట్' అంది. ఆ వివక్ష ఎంతుందో నిరూపించాలంటే మళ్ళీ లెక్కపెట్టాల్సిందే. పత్రికల ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో మనుషుల్ని కొలవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన చెప్పింది. మన దగ్గర మాత్రం 2010 యూజీసీ నిబంధనలు తెచ్చిన మార్కుల అలవాటు మనసుల్లోంచి పోలేదు.

అసలు ఫ్లోరోసిస్‌ని ముందు గమనించింది ఎవరు? 1930ల మొదట్లో తమ ఎద్దులు కీళ్ళు పట్టేసి నడవలేకపోవడం నెల్లూరు జిల్లా రైతులు చూశారని ఈ రంగంలోని వ్యాసాలే చెబుతాయి. 'రైతులు' అని ఊరుకుంటాయి. పేర్లుండవు. ఏ బావి నీళ్ళకి పప్పు ఉడుకుతుందో, ఏ బావి నీళ్ళు గొంతు దిగవో బిందెలు మోసిన ఆడవాళ్ళకి తెలుసు. ఆ తెలివి ఏ ఉటంకింపులోనూ లేదు.

ఇదంతా అమ్మమ్మకి చెబుతూ కోపంగా మాట్లాడుతున్నాను. ఆమె తాపీగా అడిగింది: "నువ్వు రాసిన లావు పుస్తకంలో నా పేరుందా మే?"

నా పీహెచ్‌డీ ఈ ప్రాంతపు స్త్రీల మౌఖిక కథనాల మీదే. సగం కథలు అమ్మమ్మ, ఆమె ఈడు ఆడవాళ్ళు చెప్పినవి. సిద్ధాంత గ్రంథం చివర విమర్శకుల పేర్లు సంవత్సరాలతో సహా వరసగా ఇచ్చాను. వీళ్ళని 'స్థానిక మహిళలు' అన్నాను. ఆ రైతుల్ని పేర్లు లేకుండా వదిలేసిన వాళ్ళకీ నాకూ తేడా ఏముంది?

దరఖాస్తులో సున్నా అలాగే ఉంది. సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా వేసే పనిలో ఉన్నాను. కథలు చెప్పిన ఆడవాళ్ళని ఇల్లిల్లూ తిరిగి అడిగి, ఒప్పుకున్నవాళ్ళ పేర్లు ఏ కథకి ఆ కథ దగ్గరే రాస్తున్నాను. అమ్మమ్మకి చదువు రాదు. అయినా తన పేరు ఎక్కడుందో వేలితో చూపించమంటుంది. చూపించాలి.