తొలగింపునకు ఒక మాట



ప్రామిసరీ నోటులో మొత్తము వ్రాయు చోటు ఖాళీగా విడిచి చేవ్రాలు చేయరాదని మీరు పిల్లలకు బోధింతురు గదా! ఖాళీ చోటునకు గల శక్తి యట్టిది. కంప్యూటరు ఆజ్ఞల చరిత్రలోను దీనికి దృష్టాంతమొకటి కలదు. అదియే నేటి ప్రసంగవిషయము.

లైనక్స్ వ్యవస్థను అనేక దేశములవారు కలిసి వ్రాయుచున్నారు. వారి ప్రతులను సరిచూచి భద్రపరచుటకు 2002 మొదలు 2005 వరకు బిట్‌కీపర్ అను సాధనము వాడుకలో నుండెను. దానిని ఉచితముగా వాడుకొను వీలు తొలగుటచే 2005 ఏప్రిలులో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ అను సాధనమును ఆరంభించిరి. ఆ యేటి జూలైలో జూనియో హమానో దాని నిర్వహణభారమును వహించిరి.

గిట్‌లో రచన శాఖలుగా సాగును. మన యంత్రమందలి శాఖను దూరపు భాండారమునకు పంపు ఆజ్ఞకు 'పుష్' అని పేరు. అందు రెండు చుక్కల గుర్తునకు ఎడమవైపున మన శాఖ పేరును, కుడివైపున దూరపు శాఖ పేరును వ్రాయవచ్చును. ఎడమదానిని కుడిచోట నుంచుమని దాని యర్థము.

మరి దూరపు శాఖను తొలగించుట యెట్లు? ఎడమవైపు ఖాళీగా విడిచి, చుక్కలు పెట్టి, కుడిపేరు వ్రాసిన చాలును. అచ్చట శూన్యము నుంచుము, అనగా తొలగింపుమని భావము. వ్యాకరణము చదివినవారికిది వింత గాదు. అక్షరము కనబడకుండుటను లోపమని పేరిడి, దానిని సయితము ఒక కార్యముగా మన శాస్త్రము విధించినది.

తర్కమునకిది నిర్దుష్టమే గాని వాడుకలో ప్రమాదకరము. ఎడమపేరునకును చుక్కలకును నడుమ పొరపాటున ఖాళీ పడెనేని ఆజ్ఞ రెండుగా విడిపోవును. మొదటి శాఖ తన పేరుతోనే పోవును. రెండవది తొలగింపునకు గురియగును.

2010 ఫిబ్రవరిలో వెలువడిన 1.7.0 కూర్పున 'డిలీట్' అను మాటను స్పష్టముగా వ్రాయు పద్ధతి చేరెను. లోపల జరుగు పని యొకటియే. చదువువానికి మాత్రము అర్థము విశదమయ్యెను. దూరభాండారమున ప్రధానముగా నిలిపిన శాఖను తొలగింపబోయినచో నిరాకరించు నియమమును ఆ కూర్పుననే యేర్పరచిరి. పాత చుక్కల పద్ధతికి అలవాటుపడినవారి కొరకు దానిని తీసివేయలేదు.

తొలగినది శాఖ పేరు మాత్రమే. మరియొకని యంత్రమున ఆ రచన యున్నచో మరల పంపి నిలుపవచ్చును. ఎవ్వరియొద్దను ప్రతి లేనినాడు చేసిన శ్రమయంతయు పోవచ్చును.

కావున పనిని సాగించు ఆజ్ఞ క్లుప్తముగా నున్నను దోషము లేదు. తుడిచివేయు ఆజ్ఞ మాత్రము తన పేరు తాను చెప్పుకొనవలెను. సెలవు.