ఉప్పెన నేర్పిన విద్య

1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి బందరు పట్టణముపై పెనుతుపాను విరుచుకొని పడినది. గాలి వెంట సముద్రము లేచి వచ్చి ఊరిని, చుట్టుప్రక్కల పల్లెలను ముంచివేసినది. ఆ ఉప్పెనలో మరణించినవారు సుమారు 30,000 మంది అని లెక్క. అంతకు నాలుగు వారముల క్రితమే, అక్టోబరు 5న, మరియొక తుపాను కలకత్తాను అతలాకుతలము చేసియుండెను.

ఇట్టి ప్రళయము ముందుగా తెలియునా? తెలిసినను మనుష్యుడు చేయగలది ఏమి? మొదటి ప్రశ్నకు శాస్త్రము చాలవరకు సమాధానము చెప్పినది. రెండవది ఇంకను మన ముందు నిలిచియే యున్నది. వాతావరణ మార్పు వలన కలుగు ముప్పును గూర్చి నేడు విశ్వవిద్యాలయములలో సాగుచున్న డాక్టరేటు పరిశోధనకు మూలము ఆ రెండవ ప్రశ్నయే. దాని పూర్వచరిత్రను కొంత చెప్పుకొందము.

బందరు ఉప్పెనకు ముందే, కలకత్తాలో హెన్రీ పిడింగ్టను అను ఉద్యోగి ఓడల దినచర్య పుస్తకములను పోగుచేసి తుపానుల దారులను గీచెను. చుట్టచుట్టుకొన్న పామును స్ఫురింపజేయు గ్రీకు పదమునుండి ‘సైక్లోను’ అను పేరును 1848లో వాడుకలోనికి తెచ్చినవాడు ఆయనయే. 1853లో గవర్నరు జనరలు డల్హౌసీకి లేఖ వ్రాసి, మాట్లా నదిపై కట్టదలచిన క్రొత్త రేవు ఉప్పెన పాలగునని హెచ్చరించెను. ఆ మాట చెవినిబెట్టినవారు లేరు. కానింగు రేవు వెలసినది. 1867 తుపానులో దెబ్బతిని, కొలదికాలములోనే పాడుపడినది. పిడింగ్టను దానిని చూడలేదు. 1858లోనే ఆయన కన్నుమూసెను.

ఈ కథలోని నీతి స్పష్టము. ముప్పు గాలిలో మాత్రమే లేదు. మనము ఎక్కడ ఇల్లు కట్టితిమి, ఎవరి మాట వింటిమి అనుదానియందును కలదు.

1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. స్వాతంత్ర్యానంతరము వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయములో సముద్రశాస్త్ర పరిశోధన వేళ్లూనుకొన్నది. 1952లో అమెరికానుండి యూజీన్ లఫాండ్ వచ్చి, అచటి యువకులతో కలిసి బంగాళాఖాతమును పరిశీలించెను. 1962లో పూనాలో ఉష్ణమండల వాతావరణ పరిశోధనకు ప్రత్యేక సంస్థ నెలకొన్నది.

ఈ కృషి ఫలమును మన తీరపు లెక్కలే చెప్పును. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు 10,000 మంది అసువులు బాసిరి. 1990 మే నెలలో మరల మహోగ్రమైన తుపాను కృష్ణా తీరమును తాకినపుడు, ఆరు లక్షలకు పైగా జనమును ముందుగానే తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోపుననే నిలిచినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణముపై దాదాపు 180 కిలోమీటర్ల వేగముతో వీచినపుడు ఆ సంఖ్య పదులలోనికి దిగినది. కాని ఆస్తినష్టము అపారము. ప్రాణమును కాపాడుట నేర్చితిమి. బ్రతుకుతెరువును కాపాడుట ఇంకను నేర్వలేదు.

ఇంతలో సముద్రమే మారుచున్నది. 1901 నుండి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు పెరిగినదని అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘము 2021లో నిర్ధారించినది. కావున వెనుకటి గాలియే వీచినను ఉప్పెన మరింత లోనికి చొచ్చుకొని రాగలదు. నదులపై ఆనకట్టలు ఒండ్రుమట్టిని ఆపివేయుటచే డెల్టాలకు క్రొత్త మన్ను చేరుట తగ్గినది. ఇక నూరేండ్ల పాత లెక్క రేపటి ప్రమాదమునకు చాలిన కొలబద్ద కాజాలదు.

అందుచేతనే క్రొత్త పరిశోధకులు కావలెను. బొంబాయి ఐ.ఐ.టి.లో 2012లో ఏర్పడిన వాతావరణ అధ్యయన విభాగము, బెంగుళూరు విజ్ఞాన సంస్థలో 2009లో వెలసిన దివేచా కేంద్రము ఇట్టివారికి తావులు. ఉప్పెన హెచ్చరికలను సిద్ధపరచు జాతీయ సముద్ర సమాచార కేంద్రము 1999 నుండి మన హైదరాబాదులోనే కలదు. జాతీయ అర్హతా పరీక్షలో నెగ్గినవారికి పరిశోధక వేతనము లభించు మార్గము కలదు. భూమి, వాతావరణము, సముద్రములకు అందు ప్రత్యేక విషయము కలదు.

ఇది భౌతికశాస్త్రము చదివినవారి సొత్తు మాత్రమే కాదు. ఉప్పునీరు ముంచిన పొలము మరల ఎన్నాళ్లకు పండును? హెచ్చరిక విన్నను కొందరు ఇల్లు విడువరు, ఏల? పడవ పోయిన బెస్తవాడు అప్పునుండి ఎట్లు తేరుకొనును? వ్యవసాయము, అర్థశాస్త్రము, చరిత్ర చదివినవారు పూనుకొననిదే ఈ ప్రశ్నలు తేలవు. పాత కలెక్టరు కచేరీల దస్త్రములలోని ఒక్క నీటిమట్టపు గుర్తు సైతము అమూల్యమైన సాక్ష్యము కాగలదు.

తీరమున ‘తుపాను రానున్నది, జాగ్రత్త’ అని రేడియోలో వినవచ్చు ఒక్క వాక్యము వెనుక నూటయేబది యేండ్లకు మించిన శ్రమ యున్నది. ఆ వాక్యము ఇంకను ముందుగా, ఇంకను నిక్కముగా వినవచ్చునట్లు చేయుట, విన్నవారు కదలునట్లు చేయుట మిగిలిన పని. మన ఇండ్లలో పట్టభద్రులైన కుమారులు, కుమార్తెలు తరువాత ఏమి చదువవలెనని ఆలోచించు వేళ, ఈ విద్యను గూర్చియు ఒక మాట అనుకొందము. పిడింగ్టను మాట వినువారు లేకపోయిరి. రేపటి పరిశోధకుని మాటను వినుట మన వంతు.