మీ పాత ఫోన్ నంబర్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? రీఛార్జ్ ఆపేసే ముందు ఇవి తెలుసుకోండి

రెండో సిమ్‌కు రీఛార్జ్ దండగ అని వదిలేస్తున్నారా? ఆ నంబర్ అంతటితో పోదు. కొన్ని నెలల తర్వాత ఇంకొకరి చేతికి వెళ్తుంది. బ్యాంకులో, ఆధార్‌లో అదే నంబర్ ఉంటే మీ మెసేజ్‌లు, ఓటీపీలు కూడా వాళ్లకే వెళ్తాయి.

ఛత్తీస్‌గఢ్‌లోని గరియాబంద్ జిల్లాలో జరిగిన సంగతి ఇది. 2025 జూన్ చివర్లో ఓ పల్లెటూరి కుర్రాడు కొత్త సిమ్ కొన్నాడు. వాట్సాప్ ఓపెన్ చేయగానే ప్రొఫైల్ ఫొటోలో ఆర్సీబీ కెప్టెన్ రజత్ పటీదార్ కనిపించాడు. ఏదో పొరపాటులే అనుకున్నాడు. కొద్ది రోజులకు ఫోన్లు మొదలయ్యాయి. ఒకరు విరాట్ కోహ్లీనంటారు, ఇంకొకరు ఏబీ డివిలియర్స్‌నంటారు. ఎవరో ఆట పట్టిస్తున్నారని కుర్రాడూ, అతని స్నేహితులూ నవ్వుకున్నారు. పోలీసులు ఇంటికి వచ్చాక గానీ అసలు విషయం తెలియలేదు. అది నిజంగా పటీదార్ నంబరే! వాడకంలో లేకపోవడంతో డీయాక్టివేట్ అయిన ఆ నంబర్‌ను నిబంధన ప్రకారం 90 రోజుల తర్వాత కంపెనీ కొత్త కస్టమర్‌కు ఇచ్చింది. చివరికి సిమ్ మళ్లీ పటీదార్‌కు చేరింది.

ఇందులో మోసగాడు ఎవరూ లేరు. కుర్రాడు డబ్బు కట్టి సిమ్ కొన్నాడు, కంపెనీ రూల్ ప్రకారమే ఇచ్చింది. క్రికెటర్ కాబట్టి నంబర్ వెనక్కి వచ్చింది. మరి మామూలు మనిషి సంగతేంటి?

నంబర్ ఎన్ని రోజులకు పోతుంది?

పది అంకెల నంబర్లు లెక్కకు మించి ఉండవు. అందుకే వాడని నంబర్లను టెలికాం కంపెనీలు మళ్లీ కొత్తవాళ్లకు ఇస్తుంటాయి. ప్రపంచమంతా ఇదే పద్ధతి.

మన దేశంలో ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రీపెయిడ్ నంబర్‌ను 90 రోజుల పాటు కాల్, మెసేజ్, డేటా దేనికీ వాడకపోతేనే డీయాక్టివేట్ చేయాలి. ఖాతాలో కనీసం 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే ఆ 20 కోసుకుని మరో 30 రోజులు కొనసాగిస్తారు. బ్యాలెన్స్ ఉన్నంత కాలం ఇలా పొడిగిస్తూ పోతారు. డీయాక్టివేట్ అయ్యాక కూడా తిరిగి తీసుకోవడానికి 15 రోజుల గడువు ఉంటుంది. అదీ దాటితే నంబర్ మీద పాత కస్టమర్‌కు హక్కు లేనట్టే. ఆపేసిన నంబర్‌ను కనీసం 90 రోజుల వరకు వేరొకరికి ఇవ్వకూడదు.

ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పాత నంబర్లు కొత్తవాళ్లకు ఇవ్వడం వల్ల గోప్యతకు ముప్పు అంటూ పిటిషన్ దాఖలైంది. 90 రోజుల నిబంధన ఉందని ట్రాయ్ చెప్పింది. 2023 నవంబరులో కోర్టు విచారణ ముగించేస్తూ, పాత నంబర్‌తో ఉన్న వాట్సాప్ ఖాతాను, డేటాను తొలగించుకుంటే దుర్వినియోగం జరగకుండా చూసుకోవచ్చని పేర్కొంది. అంటే జాగ్రత్త పడాల్సింది నంబర్ వదులుకునేవాళ్లే.

నంబర్ ఇప్పుడు ఇంటి తాళంచెవి

ఒకప్పుడు నంబర్ మారితే చుట్టాలకు, స్నేహితులకు చెప్పుకుంటే సరిపోయేది. ఇప్పుడు బ్యాంకు ఖాతా, ఆధార్, పీఎఫ్, గ్యాస్ బుకింగ్, మెయిల్, షాపింగ్ యాప్.. అన్నిటికీ అదే తాళంచెవి. పాస్‌వర్డ్ మర్చిపోతే చాలు, ఓటీపీ నేరుగా ఆ నంబర్‌కే వెళ్తుంది. ఆ సమయంలో సిమ్ ఎవరి ఫోన్‌లో ఉందో యాప్‌కు తెలియదు.

అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో దీన్ని పరీక్షించి చూశారు. రెండు పెద్ద టెలికాం కంపెనీలు కొత్త కస్టమర్లకు చూపిస్తున్న నంబర్లలో 259 తీసుకున్నారు. వాటిలో 171 నంబర్లకు పేరున్న వెబ్‌సైట్లలో పాత యజమానుల ఖాతాలు ఇంకా ముడిపడి ఉన్నాయి. అంటే ప్రతి మూడింటిలో సుమారు రెండు!

డబ్బు కూడా పోతుందా?

కేవలం నంబర్ దొరికినంత మాత్రాన యూపీఐ నుంచి డబ్బు తీసేయలేరు. కొత్త ఫోన్‌లో యూపీఐ పిన్ పెట్టుకోవాలంటే ఓటీపీతో పాటు డెబిట్ కార్డు వివరాలో, ఆధార్ అంకెలో కావాలి. అయితే ఇవి జిరాక్స్ షాపుల్లో, హోటల్ రిజిస్టర్లలో, లీకైన జాబితాల్లో ఎక్కడో ఓ చోట దొరికే కాలమిది. నంబర్ తోడైతే మోసగాడి పని సులువవుతుంది.

ఇంకో ప్రమాదం రివర్స్‌లో ఉంది. మీ తమ్ముడి పాత నంబర్ మీ ఫోన్‌లో అలాగే ఉంది. దానికి డబ్బు పంపారు. ఆ నంబర్‌తో కొత్త వ్యక్తి యూపీఐ పెట్టుకుని ఉంటే, డబ్బు అతనికే చేరుతుంది. అందుకే పిన్ కొట్టే ముందు స్క్రీన్ మీద వచ్చే పేరు చదవాలి.

నంబర్ కొత్తగా తీసుకున్నవాళ్లకూ తిప్పలు తప్పవు. పాత యజమాని అప్పు కట్టలేదంటూ రికవరీ ఏజెంట్లు ఫోన్ చేస్తారు. కొన్ని యాప్‌లలో ఖాతా తెరవబోతే 'ఈ నంబర్ ఇప్పటికే ఉంది' అని వస్తుంది. ఎవరిదో ఆస్పత్రి అపాయింట్‌మెంట్, ఎవరిదో జీతం మెసేజ్ వచ్చి పడుతుంటాయి.

ఎక్కువగా చిక్కుకునేది వీళ్లే

గల్ఫ్‌కు వెళ్లే కార్మికులు, అమెరికాకు వెళ్లే విద్యార్థులు ఇక్కడి సిమ్‌ను మర్చిపోతారు. సెలవుకు వచ్చి బ్యాంకుకు వెళ్తే తప్ప నంబర్ పోయిన సంగతి తెలియదు.

మరో రకం ఇంకా బాధాకరం. చాలా ఇళ్లలో అమ్మ బ్యాంకు ఖాతాకు నాన్న నంబరే ఇచ్చి ఉంటారు. ఆయన పోయాక ఫోన్ బీరువాలో పెడతారు, రీఛార్జ్ ఎవరికీ గుర్తుండదు. కొన్ని నెలలకు అమ్మ పెన్షన్ మెసేజ్‌లు ఊరూ పేరూ తెలియని వ్యక్తికి వెళ్తుంటాయి.

ప్రభుత్వం ఏం చేసింది?

రద్దయిన నంబర్ల జాబితాను టెలికాం శాఖ డిజిటల్ ఇంటెలిజెన్స్ ప్లాట్‌ఫామ్ ద్వారా బ్యాంకులకు అందిస్తోంది. దాన్ని చూసి తమ రికార్డులు సరిచేసుకోవాలని 2025 జనవరిలో ఆర్‌బీఐ చెప్పింది. బ్యాంకులు, యూపీఐ యాప్‌లు కనీసం వారానికోసారి ఈ వివరాలు అప్‌డేట్ చేయాలని ఎన్‌పీసీఐ ఆదేశించింది. 2025 మార్చి 31ని గడువుగా పెట్టింది. అయితే ఇది బ్యాంకులకు, యూపీఐకి మాత్రమే. మీ మెయిల్, షాపింగ్ యాప్ సంగతి మీరే చూసుకోవాలి.

నంబర్ వదిలే ముందు చేయాల్సినవి

ఇల్లు ఖాళీ చేసే ముందు సామాను సర్దుకుంటాం కదా, ఇదీ అంతే. పాత సిమ్ పనిచేస్తుండగానే ఇవన్నీ పూర్తి చేయాలి. చాలా చోట్ల మార్పుకు ఓటీపీ పాత నంబర్‌కే వస్తుంది.

1. మొదట బ్యాంకు. ప్రతి ఖాతాకూ కొత్త నంబర్ ఇవ్వండి. వాడని ఖాతాలను మర్చిపోవద్దు.

2. ఆధార్‌లో మార్చుకోండి. ఆధార్ కేంద్రానికి వెళ్తే వేలిముద్రలతో పని అయిపోతుంది. పాత నంబర్ లేకున్నా పర్వాలేదు.

3. యూపీఐ యాప్‌లో పాత నంబర్‌తో ఉన్న ఖాతాను తొలగించండి. ఫోన్‌లో యాప్ డిలీట్ చేస్తే సరిపోదు.

4. వాట్సాప్‌లో 'చేంజ్ నంబర్' వాడండి. ఆరంకెల టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకోండి. 45 రోజులు వాడని ఖాతా మరో ఫోన్‌లో మొదలైతే పాత ఫొటో, వివరాలు తీసేస్తామని వాట్సాప్ చెబుతోంది. దాని మీదే భరోసా పెట్టుకోకండి.

5. మెయిల్ రికవరీ నంబర్ మార్చండి. మెయిల్ చేజారితే మిగతావన్నీ చేజారినట్టే.

నెట్‌వర్క్ బాగోలేదన్నదే సమస్య అయితే నంబర్ వదులుకోనక్కర్లేదు. 1900కు మెసేజ్ పంపి వేరే కంపెనీకి పోర్ట్ చేసుకోవచ్చు. రెండో సిమ్‌కు డేటా అవసరం లేదనుకుంటే కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు ఉన్నాయి. వాటిని కంపెనీలు కచ్చితంగా ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన తెచ్చింది.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలున్నవారు అక్కడి నంబర్‌తోనే యూపీఐ వాడుకునేలా 2023 జనవరిలో ఎన్‌పీసీఐ అనుమతించింది. సౌదీ, యూఏఈ, ఖతర్, ఒమన్, అమెరికా సహా 10 దేశాల నంబర్లకు అప్పట్లో అవకాశం ఇచ్చింది.

ఇప్పటికే నంబర్ పోయిందా?

ఆలస్యం చేయకుండా గుర్తింపు కార్డుతో బ్యాంకు బ్రాంచికి వెళ్లి నంబర్ మార్పించుకోండి. ఆ తర్వాత ఆధార్. ఖాతాలో తెలియని లావాదేవీ కనిపిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

కొత్త సిమ్ తీసుకున్నాక ఎవరిదో ఓటీపీ వచ్చిందనుకోండి. దాన్ని ఎక్కడా వాడకండి, ఎవరికీ చెప్పకండి. మెసేజ్ వచ్చిన బ్యాంకుకు ఈ నంబర్ ఇప్పుడు తమదని తెలియజేయండి. మీరు వదిలేసిన నంబర్ కూడా ఎక్కడో ఒకరి ఫోన్‌లో మోగుతూనే ఉండొచ్చు.