డిజిటల్ వీడియో రికార్డర్ (ఇంటి టీవీకి)

టీవీ ప్రసారాన్ని హార్డ్‌డిస్క్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో దాచి, తీరిక దొరికినప్పుడు చూపించే పరికరం. అమెరికాలో 1999లో టివో, రీప్లేటీవీ పేర్లతో మార్కెట్‌లోకి వచ్చింది. మన దేశంలో 2008లో టాటా స్కై ప్లస్‌తో డీటీహెచ్ ఇళ్లకు పరిచయమైంది. కేబుల్ ఇళ్లు మాత్రం దశలవారీగా జరిగిన కేబుల్ డిజిటలీకరణ కోసం ఆగాల్సి వచ్చింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పురపాలక పట్టణాలు దాని మూడో దశ కిందికి వచ్చాయి. ఆ దశ గడువు చివరికి 2017 జనవరి 31 వరకు సాగింది. సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి అయ్యాకే కేబుల్ ఇళ్లలోనూ రికార్డింగ్ మాట వినిపించింది.

కొనేవారు ముందుగా ఒక చిక్కు తప్పించుకోవాలి. దుకాణంలో ఉత్తినే ‘డీవీఆర్’ అంటే సీసీ కెమెరాల పెట్టె చేతికొస్తుంది! అది టీవీ సీరియల్‌కు పనికిరాదు. కావలసింది రికార్డింగ్ సదుపాయమున్న సెట్‌టాప్ బాక్సు. యూఎస్‌బీ రంధ్రం ఉన్నంత మాత్రాన ఆ సదుపాయం ఉన్నట్టు కాదు. కొన్నింటిలో అది పాటలకూ ఫొటోలకూ మాత్రమే.

అసలు కీలకం ట్యూనర్ల (చానల్‌ను పట్టే భాగాల) సంఖ్య. ఒకే ట్యూనర్ ఉంటే అత్తగారి సీరియల్ రికార్డవుతుండగా మనవడికి క్రికెట్ దొరకడం కష్టం. రెండుంటే ఆ తగాదా లేదు. హెచ్‌డీ ప్రసారం గంటకు కొన్ని జీబీలు మింగుతుంది కాబట్టి చిన్న పెన్‌డ్రైవ్ చాలదు. పే చానళ్ల రికార్డింగ్ సాధారణంగా సంకేతబద్ధమై ఉంటుంది: బాక్సు మార్చినా, కంపెనీ మారినా పాత ఫైళ్లు తెరుచుకోవు. కరెంటు పోతే రికార్డింగ్ అక్కడే తెగుతుంది. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో బాక్సునూ, కేబుల్ యాంప్లిఫయర్ ఉంటే దాన్నీ ఇన్వర్టర్‌కే కలపాలి.