ఊరిబడి అందరిబడి యైన కథ

తెనాలినుండి గుంటూరునకు పోవు దారిలో నందివెలుగు అను గ్రామము కలదు. కృష్ణ పశ్చిమ డెల్టాలోని మాగాణి సీమ యది. ఉదయమున ఆ దారిని పోవువారికి సంచులు భుజమునకు తగిలించుకొని బడికి నడచు పిల్లలు కానవత్తురు. వారిలో ఎవరు ఏ పేటనుండి వచ్చుచున్నారో చూపరికి తెలియదు; తెలియవలసిన పనియు లేదు. ఇట్టి ఊళ్ళలోని ప్రభుత్వపు బడులలో పిల్లలందరు ఒకే గదిలో కూర్చుండవలెను, మధ్యాహ్నము ఒకే పొయ్యిమీద వండిన అన్నమును తినవలెను. ఇది నేడు మనకు సామాన్యముగ తోచును. కాని ఈ సామాన్యవిషయము ఒక నియమముగ స్థిరపడుటకు ఈ సీమలో నూరేండ్లకు పైగా పట్టినది. ఆ కథను కొంత ముచ్చటించుటయే మా ఉద్దేశము.

పూర్వము మన గ్రామములలో బడులు లేకపోలేదు. 1822లో మద్రాసు గవర్నరైన సర్ తామస్ మన్రో జిల్లా కలెక్టర్లకు లేఖలు వ్రాయించి, బడులెన్ని, చదువుకొనువారెందరు, వారే కులమువారు అను లెక్కలు తెప్పించెను. 1826లో ఆయన ఆ లెక్కలను సమీక్షించునాటికి చెన్నరాజధానిలో 12,498 బడులును, 1,88,650 మంది విద్యార్థులును ఉన్నట్లు తేలెను. ఇసుకలో అక్షరములు దిద్దించుచు, ఎక్కములు వల్లెవేయించుచు పంతులుగారు చదువు చెప్పుచుండిరి. వారికి గ్రామస్థులే ధాన్యమో, దుడ్డో ఇచ్చి పోషించుచుండిరి. అనగా బడికి ఊరి అండ ఆనాడును కలదు.

కాని ఆ అండ ఎవరి పిల్లలకు? బడి సాధారణముగ ఒకరి ఇంటి అరుగుమీదనో, దేవాలయ మంటపములోనో, చావడిలోనో జరుగుచుండెను. ఆ అరుగెక్కరాదని, ఆ మంటపము త్రొక్కరాదని ఊరు కట్టడి చేసిన పేటల పిల్లలకు చదువు దూరమునుండి వినవచ్చు ధ్వని మాత్రమే. కలెక్టర్ల పట్టికలలో బ్రాహ్మణులకు, వైశ్యులకు, శూద్రులకు, మహమ్మదీయులకు వేర్వేరు గళ్ళు కలవు. తక్కినవారందరును ‘ఇతర కులములు’ అను ఒక్క గడిలో ఇమిడిపోయిరి.

1842లో ఫాదర్ హయ్యరు అను లూథరన్ మిషనరీ గుంటూరు చేరెను. అటుపిమ్మట మిషనులవారు ఈ సీమలో మాల మాదిగ పేటలలోనే చిన్న బడులు పెట్టిరి. ఆ గుడిసెలలోనికి పలకయు, బలపమును మొదట ప్రవేశించినది ఆ బడుల ద్వారముననే. 1893లో మద్రాసు ప్రభుత్వము పంచముల విద్యకై ప్రత్యేకాజ్ఞ వెలువరించి, వారి బడులకు హెచ్చుగ గ్రాంటు లభించునట్లును, వారిలోనుండి ఉపాధ్యాయులు తయారగునట్లును కొన్ని వసతులు కల్పించినది. మేలే జరిగినది. ఐనను పేటకొక బడి వచ్చినదే గాని, ఊరిబడి తలుపు తెరువబడలేదు.

ఆ తలుపు ఎంత గట్టిగ మూయబడియుండెనో 1919 నాటి విచారణ వెల్లడించినది. ప్రజల సొమ్ముతో స్థానిక సంస్థలును, ప్రభుత్వమును నడుపుచున్న 8,157 బడులలో పంచముల పిల్లలను చేర్చుకొనునవి 609 మాత్రమే. కారణములు వింతగ నుండెను. ఒకచోట బడి అగ్రహారములో నున్నదనిరి. ఒకచోట గుడి ఆవరణలో నున్నదనిరి. మరియొకచోట అద్దె ఇంటి యజమాని ఒప్పుకొనడనిరి. అట్టి బడులను అందరును రాదగిన చోట్లకు మార్చవలెనని ప్రభుత్వము ఆజ్ఞాపించెను. బడిని కదలించుట ఆజ్ఞకు సాధ్యమే. కాని ప్రక్కవాడు తన చాపను దూరముగ లాగుకొనకుండ చేయుట ఏ ఆజ్ఞకును సాధ్యము గాదు. అచ్చట ఊరి మనసు కదలవలెను.

అది కదలకున్న పసిబిడ్డ ఏమనుభవించునో మహాకవి గుఱ్ఱం జాషువా జీవితము తెలుపును. 1895లో వినుకొండలో జన్మించిన ఆయనకు బడిలో అక్షరముతోపాటే అవమానమును ఎదురయ్యెను. విశేషమేమనగా, ఏ బడి తనను నొప్పించెనో ఆ బడిపంతులు వృత్తినే ఆయన అవలంబించెను. గుంటూరులోని లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయములో పనిచేసి, 1928 మొదలు 1942 వరకు ఆ పట్టణమున తెలుగు పండితుడుగా నుండెను. 1957 మొదలు 1959 వరకు మద్రాసు రేడియో కేంద్రమున కార్యక్రమ నిర్మాతగా నుండి శ్రోతలకు ఆప్తుడయ్యెను.

మరియొక ఉదాహరణము తెనాలికి ఇంకను చేరువది. తెనాలి–గుంటూరు రైలుమార్గములోని వేజెండ్లలో 1939లో జన్మించిన కొలకలూరి ఇనాక్ శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. 2014లో పద్మశ్రీ పొందిరి. ఊరివారి నీటిని ముట్టరాదను కట్టుబాటుపై వారు వ్రాసిన ‘ఊరబావి’ కథ సుప్రసిద్ధము. తలుపు మూసియుంచిన ఊళ్ళు ఇట్టివారి నెందరిని పోగొట్టుకొన్నవో లెక్కించు పట్టిక ఏ కచ్చేరిలోను లేదు.

1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అస్పృశ్యతను నిషేధించెను. 1998లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ బడుల నిర్వహణలో ప్రజలకు భాగము కల్పించుచు చట్టము చేసి, తల్లిదండ్రులతో విద్యా కమిటీల నేర్పరచినది. కాని అన్నిటికంటె కఠినమైన పరీక్ష అన్నము. 2001లో సుప్రీంకోర్టు ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనము పెట్టవలెనని ఆదేశింపగా, మన రాష్ట్రమున అది 2003లో ప్రారంభమైనది. వంటపనిలో దళితులకు ప్రాధాన్యమీయవలెనని 2004లో ఆ న్యాయస్థానమే మరల ఆదేశించెను. దేశమున కొన్నిచోట్ల వంటమనిషి కులము నడిగి, పిల్లలను విస్తరిముందునుండి లేపి తీసికొనిపోయిన తల్లిదండ్రులును కలరు. పిల్లలకు లేని పట్టింపును పెద్దలు నేర్పిన ఘట్టమది. ఆకలిగొన్న పిల్లవాడు అన్నము చల్లారినదా అని చూచును గాని, వండిన చేయి ఎవరిదని అడుగడు.

నేడు బడి గడపవద్ద మరికొందరు పిల్లలు నిలిచియున్నారు. నడువలేనివారు, చూపు లేనివారు, వినలేనివారు, బుద్ధి మెల్లగ వికసించువారు. వారికి తోటిపిల్లలతో కలిసి చదువుకొను హక్కును 2016 నాటి చట్టము స్పష్టముగ ఇచ్చినది. మెట్లప్రక్కన ఒక వాలుబాట కట్టించుట సర్కారు పని. ఆ బాటమీద చక్రములకుర్చీని నెట్టుటకు ఒక స్నేహితుడు కావలెను. వానిని ఎవరును మంజూరు చేయలేరు.

2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము సర్కారు బడి కమిటీలో నాల్గింట మూడువంతులు తల్లిదండ్రులే ఉండవలెను. సభ్యులలో సగము స్త్రీలు కావలెను. వెనుకబడినవారి బిడ్డల తల్లిదండ్రులకు తగిన స్థానముండవలెను. పూర్వము పంతులుగారికి ధాన్యము కొలిచిన ఊరికి ఇప్పుడు లభించిన పాత్ర యిది. గోడకు సున్నము కొట్టించుట, గంట కొనిపెట్టుట మంచిదే. కాని నాలుగు దినములుగా బడికి రాని బిడ్డ ఎవరిది, ఎందుకు రాలేదు అని ఆ కమిటీ విచారించిననాడే బడికి ఊరి అండ యున్నదని చెప్పదగును.

ఇండ్లలో రేడియోముందు కూర్చున్న తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. సాయంకాలము బిడ్డ ఇల్లు చేరగానే మార్కులెన్ని వచ్చినవని అందరమును అడుగుదుము. దానితోపాటు, నీ ప్రక్కన ఎవరు కూర్చుండిరి, ఎవరితో కలిసి అన్నము తింటివి అని కూడ అడుగుదము. ఆ ప్రశ్నకు బిడ్డ తడుముకొనక, సంతోషముతో ఒక స్నేహితుని పేరు చెప్పినచో, 1822లో గళ్ళుగళ్ళుగా గీచిన ఆ పట్టిక మన ఇంటివరకైనను చెరిగిపోయినదని నమ్మవచ్చును.